ఊఁ కొట్టే పెట్టె

లిఫ్టులకు కంట్రోల్ బోర్డులు చేసే కంపెనీలో నా ఉద్యోగం. మేం వాడే చిప్పులో ఎనిమిది కోర్లుంటాయండీ, అంటే ఎనిమిది బుర్రలు. వినే తీగ ఒకదానికి, పలికే తీగ ఇంకొకదానికి. ఎవరి పని వారిదే, ఒకరి కోసం ఒకరు ఆగరు. పగలంతా వాటితో వేగి ఇంటికొచ్చేసరికి నాకున్న ఒక్క బుర్రా ఆరిపోతుంది.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ మొదలుపెడుతుంది. బడిలో పంతులమ్మ. రోజంతా పిల్లల్ని మాట్లాడొద్దని కసిరి, మిగిలిన మాటలన్నీ ఇంటికి మోసుకొస్తుంది. నేను చేయవలసిందల్లా ఊఁ కొట్టడమే. ఆ ఒక్క అక్షరానికీ ఓపిక ఉండదు.

అందుకని అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి తయారుచేశాను. ఒక కోరు ఆవిడ గొంతు వింటుంది. ఆవిడ ఊపిరి తీసుకోగానే ఇంకో కోరు నా గొంతుతో 'ఊఁ', 'అలాగే', 'నిజమే' అని వరసగా పలుకుతుంది. దాన్ని కుర్చీ వెనక అంటించి, ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని నిద్రపోయాను.

మూడు సాయంత్రాలు స్వర్గం.

"ఈమధ్య ఎంత బాగా వింటున్నారండీ!" అని ఆవిడ మురిసిపోయింది కూడా.

నాలుగో రోజు మిక్సీ మోతకు వినే కోరు బిగుసుకుపోయింది. పలికే కోరుకు ఆ సంగతేం తెలుసు? ఆవిడ వంటింట్లో ఉండగా, ఖాళీ గదిలో "అలాగే... నిజమే..." అంటూ దేనికో ఒప్పుకుంటూనే ఉంది.

నాకు మెలకువ వచ్చేసరికి ఆవిడ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోను, స్పీకరు పెట్టి ఉంది.

"విన్నావుగా అమ్మా? ఆయన పనిగది నీకిచ్చేశారు."

"విన్నానే. పొద్దుటి వంట కూడా ఒప్పుకున్నారు. ఎంత మంచి అల్లుడే!"

"నేనెప్పుడన్నాను?" అని లేచాను.

"ఊఁ" అంది కుర్చీ.

ఆవిడ నెమ్మదిగా పేపరు మడిచింది. "ఆ గొంతు ఎవరిదండీ?"

"నాదే. కానీ వినేది వేరు, పలికేది వేరు. రెంటికీ సంబంధం ఉండదు."

"పెళ్ళయి పదహారేళ్ళయింది. ఆ మాత్రం నాకు తెలీదా?"

ఆదివారం అత్తగారు రెండు సూట్‌కేసులతో దిగారు. నా టంకం సామానంతా బాల్కనీలోకి నడిచింది. చిప్పును నమ్ముకున్నందుకు చేతికి చిప్ప వచ్చింది.

"అయితే అల్లుడుగారూ," అన్నారు అత్తగారు నా కుర్చీలో సర్దుకుంటూ, "అమ్మాయి హెడ్‌మిస్ట్రెస్ అయినందుకు సంతోషమేనా?"

నేను మా ఆవిడ వైపు చూశాను.

"మంగళవారమే చెప్పాను," అంది దుప్పటి మడతపెడుతూ. "పన్నెండేళ్ళ నుంచీ ఎదురుచూస్తున్నది వచ్చిందండీ, అన్నాను. 'నిజమే' అన్నారు."

నవ్వుతూనే అంది. తల మాత్రం ఎత్తలేదు.

నేను వెళ్ళి దుప్పటి రెండో కొస పట్టుకున్నాను.

"మళ్ళీ ఒక్కసారి చెప్పవూ? మొదట్నుంచీ."

"ఇప్పుడు ఓపిక లేదండీ," అంది ఆవలిస్తూ. "పొద్దున్న ఆరింటికి పొయ్యి దగ్గర నిలబడండి, చెప్తాను."