బంతి ముట్టని ఆటగాడు

దోహాలో అల్ ముంతజా పేటలో ఉండే కమలాదేవిగారికి పక్కింటావిడ చెప్పిందట, ఆ పక్కింటావిడకు వాళ్ళ డ్రైవర్ బాషా చెప్పాడట: ముఐథర్‌లో దస్తగిరి అనే రాయచోటి వైపు మనిషి ఐదేళ్ళుగా బంతాట ఆడి జీతం తీసుకుంటున్నాడట గానీ, ఇంతవరకూ బంతిని ముట్టిన పాపాన పోలేదట. కమలాదేవిగారి భర్త కామేశ్వరరావుగారు తెలుగు సంఘానికి అధ్యక్షులు. ఈ మాట చెవిన పడగానే ఆయన సగం అన్నంలో చెయ్యి కడిగేసుకున్నారు.

సంగతి నిజమే. దస్తగిరి ఒకప్పుడు హౌస్ డ్రైవర్. ఇసుకలో దిగబడిన బండిని భుజంతో గెంటడం చూసి, యజమాని స్నేహితుడొకాయన అతన్ని తన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో చేర్చుకున్నాడు. రాయచోటి మార్కెట్ యార్డులో వేరుశనగ బస్తాలు మోసిన భుజానికి అంతర్జాతీయ గుర్తింపు అట్లా వచ్చింది. ఉద్యోగం చాలా గౌరవప్రదమైనది. బంతి కదలగానే, ఎదురుగా దున్నపోతులా దూసుకొచ్చే మనిషిని ఛాతీతో ఆపాలి. వెనక తల్హా అనే కెప్టెన్ నిమ్మళంగా బంతి విసురుతాడు. తల్హా చొక్కా నలగకపోతే డ్యూటీ అయినట్టు. చప్పట్లు తల్హాకు, ఐసుగడ్డలు దస్తగిరికి. ఏదైనా తప్పు చేస్తే మాత్రం రిఫరీ అతని నెంబరు మైకులో చదువుతాడు. ఐదేళ్ళలో ఆ నెంబరు ఎవరి చెవినా పడలేదంటే, అంతటి పనిమంతుడన్నమాట.

సీజను చివరి మ్యాచ్‌లో కూడా తల్హా కింద పడకపోతే కొత్త కాంట్రాక్టు, దానితోపాటు ఫ్యామిలీ వీసా. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. సెలవులన్నీ కలిపినా భార్య మాబున్నీసాతో కాపురం ఏడాది నిండదు. ఆమె అప్పుడే సూట్‌కేసు కొని పెట్టుకుంది.

సంఘం ఊరుకుంటుందా? అధ్యక్షులు, ఉపాధ్యక్షులు ఫరీదుద్దీన్‌గారు కలిసి నిజనిర్ధారణ కమిటీగా ఏర్పడి ముఐథర్ వెళ్ళారు.

"ఐదేళ్ళలో ఎన్ని గోల్స్ కొట్టావయ్యా?" అని విచారణ ప్రారంభించారు కామేశ్వరరావుగారు.

"గోల్సు గీల్సు మాఫీ సార్, లేనే లేవు. నా యెనకుండే మనిషి మింద ఎవురూ పడగూడదు. అదే నా డ్యూటీ."

"పోనీ, ఒక్కసారైనా బంతి..."

"నేను ముట్టగూడదు సార్. ముడితే తప్పు."

"చూసిన్రా సాబ్! మనోడని తొక్కుతున్నరు," అన్నారు హైదరాబాదీ ఫరీదుద్దీన్‌గారు. ఆయన ఆట ఎన్నడూ చూడలేదు కాబట్టి నిష్పాక్షికంగా మాట్లాడగలిగారు.

'బంతి తెలుగువాడి జన్మహక్కు' అని ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్మానం వాట్సాప్‌లో దోహా అంతా తిరిగి, రాయచోటి చేరింది. "మీ ఆయన ఆడేది ఏం ఆట?" అని అన్నదమ్ములు మాబున్నీసాను దెప్పారు.

"ముట్టుకుంటే ఆ బంతి ఏమన్నా ముద్దిస్తాదా?" అంది ఆమె ఫోన్లో. "నువ్వు అడ్డం నిలబడు. నేను వస్తాండా."

చివరి మ్యాచ్‌కు సంఘం కూలీలుండే ఏషియన్ టౌన్ నుంచి రెండు బస్సులు కట్టించింది. ఆట ముగియవచ్చే వేళకు జనం "దస్తగిరీ, బంతి! దస్తగిరీ, బంతి!" అని కేకలు పెట్టారు. ఎదుటి మనిషి బరువు అతనికి ఐదేళ్ళుగా అలవాటే. వీపుమీద ఇంతమంది తెలుగువాళ్ళ బరువు మాత్రం కొత్త. ఆనించిన భుజం పక్కకు జారింది. వెనక్కి తిరిగాడు. తల్హా ఇంకెవరికో విసిరిన బంతి నెత్తిమీదుగా పోతుంటే రెండు చేతులా అందుకున్నాడు.

గుప్పెడు వేరుశనక్కాయలంత బరువు కూడా లేదు. ఇంతేనా, అనుకున్నాడు.

ఈలోగా, ఐదేళ్ళుగా అతని ఛాతీ దగ్గరే ఆగిన ఎదుటి మనిషి వెళ్ళి తల్హా మీద పడ్డాడు. కెప్టెన్ భుజం ఎముక విరిగింది. ఈల మోగింది. రిఫరీ మైకులో దస్తగిరి నెంబరు చదివాడు. మనవాడి నెంబరు స్టేడియమంతా మోగడంతో సంఘం యావత్తూ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కొందరు పెద్దలు కళ్ళు తుడుచుకున్నారు.

కాంట్రాక్టు పోయింది. వీసా కాగితం తిరిగొచ్చింది. సంఘం ఇలాంటి చిన్న విషయాలకు కుంగిపోదు. మరుసటి శుక్రవారమే ఘన సన్మానం ఏర్పాటు చేసింది.

"సోదరులారా! ఆ రోజు ముఐథర్ వెళ్ళి, బంతి పట్టుకోమని వెన్ను తట్టింది ఈ చెయ్యే!" అన్నారు కామేశ్వరరావుగారు.

"పాయింట్ లేపింది నేను సాబ్," అని మైకు గుంజుకున్నారు ఫరీదుద్దీన్‌గారు. నినాదం తమదేనని వెనక వరుసలవాళ్ళు చేతులెత్తారు. దస్తగిరి మెడలో శాలువాతో, ఎవరి మాటకు తల ఊపాలో తెలియక నిలబడ్డాడు.

అధ్యక్షులవారికి మరో శుభసంకల్పం కలిగింది. మాబున్నీసాను వీడియో కాల్లో పిలిపించి, తెరమీద చూపించారు.

"చూడమ్మా, మీ ఆయన జాతి గౌరవం నిలబెట్టాడు. ఈ సభకు నువ్వేమైనా చెప్పాలి."

ఆమె కొంగు సర్దుకుని, హాలంతా ఒకసారి కలియజూసింది.

"మా ఆయన్ని బంతి పట్టుకోమన్నింది మీలో ఎవురు సార్? ఆ మనిషి ఒక్కతూరి లేసి నిలబడితే సూస్తా."