బల్ల మీద ఈత

"విద్య అనే మహాసముద్రానికి గట్లు లేవు!" అని మా రాష్ట్ర విశ్వవిద్యాలయం డీన్ విథర్స్ గారు ప్రతి సెప్టెంబరులోనూ సెలవిచ్చేవారు. ఈతకొలనుకు మాత్రం గట్లున్నాయి. అందులో మా నల్లవాళ్లు దిగకూడదు. ఈత పరీక్ష నెగ్గనిదే పట్టా ఇవ్వరు. రెండూ నియమాలే. రెండూ పవిత్రమే!

వసతి గృహాల్లోనూ మాకు చోటు లేదు కనుక మా విద్యార్థులు నా ఇంట్లోనే ఉండేవారు. వాళ్లు వదిలేసిన పుస్తకాలతోనే నేను చదవడం నేర్చుకున్నాను. చదువవగానే ఒక్కొక్కరినీ రైలెక్కించి, వచ్చి దుప్పటి మడతపెట్టడం నా పని. ఆ ఏడు లూవినియా వంతు. సెయింట్ లూయిస్ బడిలో టీచరు ఉద్యోగం ఖాయమైంది. పట్టా చూపించాలి, అంతే.

కొలనులో దింపకుండా ఈత పరీక్ష ఎలా పెట్టాలా అని విశ్వవిద్యాలయం కమిటీ నెల్లాళ్లు ఆలోచించి మార్గం కనిపెట్టింది. వ్యాయామశాలలో బల్ల మీద బోర్లా పడుకుని ఈదాలి!

మిసిసిపీ నది ఒడ్డున పుట్టిన పిల్ల, బల్ల మీద కాళ్లూ చేతులూ ఆడించింది. ఈత కోచ్ హాలిస్ ఈల వేశాడు.

"ఫెయిల్!"

"ఎందుకండీ?"

"ఊపిరికి తల ఎత్తలేదు. మునిగిపోయావు."

"మునిగిపోతే మీతో ఎలా మాట్లాడుతున్నానండీ?"

"అది నా శాఖ కాదు!"

"పెద్దమ్మా, పొడి బల్ల మీద మునిగినదాన్ని నేనొక్కదాన్నే!" అని ఇంటికొచ్చి నవ్వింది. నేను ఇంకో మొక్కజొన్న రొట్టె ఆమె పళ్లెంలో వేశాను.

పట్టాల పండుగకు ముందురోజు విశ్వవిద్యాలయం చెరువు గట్టున విందు. కొలను నియమమే ఆ చెరువుకీ. మమ్మల్నిద్దరినీ వడ్డనకు పిలిచారు. డీన్ గారు పడవలో లేచి నిలబడి, విద్యాసముద్రం ఎంత ఉంటుందో చేతులు చాచి చూపించారు. పడవ బోల్తా! కోచ్ ఒడ్డునే నిలబడి ఈల వేశాడు. లూవినియా నిమ్మరసం కూజా నా చేతిలో పెట్టి దూకింది. డీన్ గారిని కాలరు పట్టి ఈడ్చుకొచ్చింది.

"ఇప్పుడు పాసేనా అండీ?" అంది, నీళ్లు కక్కుతున్న ఆయనతో.

కమిటీ ఆ గడ్డి మీదే సమావేశమైంది. పాసంటే ఆమె నీళ్లలో దిగినట్టు. దిగలేదంటే డీన్ గారు పోయినట్టు! చివరికి ప్రకటించారు: "డీన్ గారు స్వయంగా ఈదుకొచ్చారు. అదే సమయంలో మిస్ లూవినియా విందు బల్ల మీద ఈది ఉత్తీర్ణురాలైంది."

మర్నాడు పట్టా చేతికొచ్చింది. సాయంత్రం స్టేషనుకు వెళ్తూ చూద్దుము కదా, చెరువు నీళ్లన్నీ తోడేశారు! అడుగంతా సబ్బు పెట్టి రుద్దుతున్నారు. కోచ్ అజమాయిషీ.

"కోచ్ గారూ, ఇందులో దిగింది డీన్ గారొక్కరే కదండీ?" అంది లూవినియా.

"ఒక్కరే!"

"పాపం, ఆయన అంత మురికిగా ఉన్నారా?"

కోచ్ ఈల వేసి, ఇంకా గట్టిగా రుద్దమని పనివాళ్లకు సైగ చేశాడు.

రైలు మలుపు తిరిగేదాకా ఆమె నవ్వు వినబడింది. ఇంటికొచ్చాను. నిన్నటి గౌను తీగ మీదే మరిచిపోయింది పిల్ల. ప్రకటన ప్రకారం తడవనే తడవని ఆ గౌను ఇంకా ఆరలేదు.