కళింగపట్నం ఓడలకు ప్రస్థానం

ఆదివారం పొద్దున్నే అరసవల్లిలో ప్రద్యుమ్న వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యయుగంలో కళింగపట్నం రేవు నుంచి బర్మాకు సరుకు ఎలా వెళ్లేదో కంప్యూటర్‌లో ఉత్తుత్తి ఓడలు నడిపి తేల్చడం అతని పరిశోధన. కాఫీ తాగేలోగా ఓడలు నడిపేసి, వచ్చిన పటం గైడ్ నరసింగరావు గారికి పంపేయాలి. గడువు అయిపోవచ్చింది, రేపు విజయనగరం సెమినార్‌లో అది ఆయనకు నచ్చకపోతే డాక్టరేటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

తండ్రి లక్ష్మీనరసింహం గారు పంచాంగం గణించే మనిషి. వెనక నుంచి తెరలోకి తొంగి చూశారు.

"ఏవిట్రా, సోమవారం నాడు ఓడలు తూర్పుకి తోలుతున్నావు? వారశూల కాదూ?"

"గాలి అనుకూలంగా ఉంది నాన్నగారూ."

"నీకు గాలి చాలు. ఆ కాలం షావుకారుకి భయం ఉండదూ?"

మాట సబబుగానే తోచింది. తనకంటే ముందు ఏ పండితుడికీ ఇది తట్టలేదని ప్రద్యుమ్న ఛాతీ కూడా పొంగింది. శూల, వర్జ్యం, రాహుకాలం, షావుకార్ల జన్మనక్షత్రాలు అన్నీ ప్రోగ్రాంలో దూర్చాడు. దాంతో ఒక్క ఓడా రేవు నుంచి కదల్లేదు. ఉత్తుత్తి నావికులు ఒడ్డున కూర్చుని ఎగుమతి బియ్యం వండుకు తినేశారు.

"దానికేం, ప్రస్థానం పెట్టించు," అన్నారు తండ్రి. "మంచి ఘడియలో ఓ మూట పక్కింట్లో పెడితే బయల్దేరినట్టే. తర్వాత తీరుబడిగా వెళ్లొచ్చు."

అదీ దూర్చాడు. ఈసారి పటం నిండా గీతలే గీతలు! ఉబ్బితబ్బిబ్బైపోయి, సరిగా చూడకుండానే పంపేశాడు. "అద్భుతం" అని జవాబొచ్చింది. ఆ సంబరంలో గైడ్ గారు పక్క జిల్లాల ప్రొఫెసర్లను కూడా పిలిచేశారు.

మర్నాడు నిండు సభలో తులసి అనే విద్యార్థిని ఆ పటాన్ని తెర మీద పెద్దది చేసింది. "సార్, ఈ గీతలన్నీ ఒకే వీధిలో ఉన్నాయి సార్."

నిజమే. షావుకార్లంతా ఒకరింట్లో ఒకరు మూటలు పెట్టుకున్నారు. ఇల్లు మారిన ప్రతి మూటనూ కంప్యూటర్ ఎగుమతి కింద జమకట్టింది. సముద్రంలో ఒక్క ఓడా లేదు.

నరసింగరావు గారి సొంతూరు గజపతినగరం. కోపమొచ్చినా కంగారొచ్చినా యాస తన్నుకొస్తుంది. "ఏటయ్యా ఇది! బర్మా ఏదీ? మూటలు పక్కింట్లో ఎట్టుకోడం వర్తకమేటి?"

భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది ప్రద్యుమ్నకు. దాచి లాభం లేక ప్రస్థానం సంగతంతా చెప్పేశాడు. సభ గొల్లుమంది. గైడ్ గారు మాత్రం నవ్వలేదు. చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయారు. ఇక తన డాక్టరేటు గంగలో కలిసినట్టేననుకున్నాడు.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "మీ నాన్నగారిని ఓ మాటడిగి సెప్పు. ఢిల్లీ పెయాణానికని మా ఆవిడ నా పెట్టె పక్కింట్లో ఎట్టేసింది. ఆళ్లు తాళమేసుకుని తిరపతి ఎల్లిపోనారు. నా కోటూ బట్టలూ అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో పెట్టెతో ఎల్తే దోసమేటి?"

దోషం లేదని తండ్రి ఫోన్‌లో సెలవిచ్చారు. సాయంత్రానికల్లా ప్రద్యుమ్నకు డాక్టరేటు గడువు పెరిగింది. తన పరిశోధన చూసే పెంచారని అతను ఇంట్లో చెప్పుకుంటూ ఉంటాడు.