చింతించువాని కొరకు దండయాత్ర

ఓ నగరధూళీ! సర్వగృహప్రవేశినీ, సకలనాసికావిహారిణీ, మూసిన కిటికీ సందులలోంచి సైతం చొరబడు సూక్ష్మరూపిణీ! కాసేపు నా గొంతున అడ్డుపడక ఈ గాథ చెప్పనిమ్ము. మిల్లులు మూతపడి, పొగగొట్టాలు పొగను మరచి, అంగళ్లలో సగం తాళాలు పడి తక్కిన సగం తాళాల కోసం ఎదురుచూచుచున్న ఒకానొక నగరమందు, మార్తాండుడు మేడలనూ రేకుల కొట్లనూ సమదృష్టితో మాడ్చుచున్న ఒకానొక వేసవి ఉదయాన, ఒక గొయ్యికీ ఒక దర్జీకీ నడుమ జరిగిన మహాసంగ్రామమిది.

ఆ గొయ్యిని అల్పమని తలచకుడు. వీధి నడుమ విశాల రాజమార్గము, దాని అడుగున మురుగుకాలువ, దాని పక్కన తీగెల సొరంగము, వీటన్నిటి వెంటా పరుగున వచ్చు సిరిసంపదలు, ఇట్టి మహాసంకల్పముతో నగర పాలకులు భూమి గుండె చీల్చి, చీల్చిన పిమ్మట ఏమి చేయవలెనో తోచక, గట్టున ఒక బోర్డు పాతి వెడలిపోయిరి. "అభివృద్ధి పనులు జరుగుచున్నవి. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఆ బోర్డు ఘోషించుచుండెను. పనులు జరుగుట మాత్రం ఎవరి కంటా పడలేదు.

ఆ గోతికి ఆవలి గట్టునే కత్తెరమ్మ కొట్టు. కన్నవారు పెట్టిన పేరును ఆ వీధి ఏనాడో మరచినది. సూచికాగ్రయోధిని, కర్తరీధారిణి, చిరిగిన జేబులకు అభయప్రదాయిని, బిగుసుకొన్న నడుములకు విముక్తిదాయిని అయిన ఆమె ముఖ్య వృత్తి, పట్టని బట్టలను వదులు చేయుట. ఆ గోతిని ఎగిరి దూకగల సన్నని వారికి ఆ అవసరము రాదు. ఆ అవసరమున్న వారు ఎగరలేరు. ఆమె వ్యాపారము దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడనే.

నెలాఖరుకల్లా బేరాలు రానిచో మిషను అమ్మివేసి, మునుపటి వలెనే బట్టల ఫ్యాక్టరీకి పోయి, పొద్దస్తమానం కాలర్లు, కేవలము కాలర్లు కుట్టవలసి వచ్చును. యౌవనమంతయూ పరుల కాలర్లకు ధారపోసి, ఆ చెర నుండి వెలువడి పెట్టుకొన్న కొట్టు అది. కాలరు అన్న మాట వినబడిన చాలు, ఆమెకు మెడ పట్టేసేది.

ఆనాటి ఉదయము ఆమె అత్తగారు కొట్టు గుమ్మమున నిలిచి, ఎదుటి బోర్డును కూడబలుక్కొని చదివి నొచ్చుకొనెను.

"చింతిస్తున్నామంటున్నారే! పాపం, ఎవరో బాధపడుతున్నారు కోడలా."

"ఎవరత్తయ్యా?"

"నాకేం తెలుసు? మన గురించే కదా బాధ. ఒకసారి వెళ్లి పలకరించి రావద్దూ? బాగుండదు."

ఆహా! ఆ వృద్ధురాలి అమాయక వాక్యము కోడలి చెవిలో రణభేరియై మ్రోగెను. అత్తాకోడళ్లు చెప్పులు చేతబట్టి, గోతిలోకి దిగి, బురదను జయించి, ఒకరినొకరు పైకి లాగుకొని, నగర కార్యాలయముపై దండెత్తిరి. ఒకరి ఉద్దేశము పరామర్శ, మరొకరి ఉద్దేశము పోరాటము.

మొదటి ద్వారమున రోడ్ల విభాగపు గుమాస్తా ఎదురయ్యెను.

"ఇక్కడ చింతిస్తున్నది ఎవరండీ?" అని కత్తెరమ్మ అడిగినది.

"మా పని రోడ్లమ్మా. అక్కడిప్పుడు రోడ్డు లేదు కదా. లేనిదానికి మేమెలా చింతిస్తాం?"

పిమ్మట నీళ్ల విభాగము. "గొయ్యి మాది కాదు. గోతిలో నీళ్లుంటే చెప్పండి, అవి మావి." అటుపై అభివృద్ధి విభాగము. అచట చల్లని గాలి వీచుచుండెను. "మేం అభివృద్ధి వరకే చూస్తాం. అసౌకర్యం మా కిందికి రాదు."

బోర్డులు రాయించు నడివయసు ఉద్యోగి మాత్రం కొంత ఆలోచించి, "అక్షరాలు మావే. బాధ పైవాళ్లది," అని మిద్దె వైపు వేలు చూపెను.

అటుల గది గదికీ తిరిగి, బల్ల బల్లకూ మొక్కి, తమ వెనుక కుతూహలపరుల సమూహమును కూడగట్టుకొని, వారు పెద్ద ఇంజనీరుగారి సన్నిధిని చేరిరి. విశాలోదరుడు, ఫైళ్ల నడుమ స్థిరాసనుడు అయిన ఆ పురుషుడు సంగతి విని నవ్వెను.

"అది మర్యాదకి రాసే మాటమ్మా. ఎక్కడైనా అలాగే రాస్తారు."

అప్పుడు కత్తెరమ్మ బల్లపై అరచేయి మోపి గర్జించెను: "ఓ స్థిరాసనాధీశా! బహువచనమున విలపించి ఏకవచనమున పలాయితులగు ఓ ఘనులారా! మీ శోకమునకు స్వామి ఎవ్వడు? మీ కన్నీటికి కన్ను ఏది?" నిజమునకు ఆమె అన్నది ఇంతే: "చింతిస్తున్నాము అని రాశారు సార్. 'ము' అంటే కనీసం ఇద్దరుండాలి. ఆఫీసంతా తిరిగాం, ఒక్కరూ దొరకలేదు. ఎవరూ చింతించట్లేదని చెప్పేయండి, వెళ్లిపోతాం."

గుమ్మమున మూగిన జనము చెవులు రిక్కించిరి. ఇంతమంది ఎదుట ఆ మాట అనుట ఎట్లు? ఇంజనీరుగారు రుమాలు తీసి నుదురు ఒత్తుకొనిరి.

"సరేనమ్మా. నేనే చింతిస్తున్నాను."

"అయ్యో నాయనా!" అని అత్తగారు వెంటనే ఆయన చేతులు పట్టుకొనెను. "ఎప్పట్నించీ?"

"ఇప్పట్నించే."

"ఇక్కడ ఒక్కడివీ కూర్చుని కుమిలిపోతే ఎలా? వచ్చి ఓసారి చూసుకో. భారం దిగుతుంది. లే బాబూ."

ఆ ఆప్యాయతకు విరుగుడు ఏ చట్టమునందునూ లేదు. ఆయన లేచెను. జీపు కదలెను.

గోతి గట్టున నిలిచి, ఆయన గొయ్యిని చూచి, తన పొట్టను చూచి, మరల గొయ్యిని చూచెను. "దీన్నెలా దాటుతారు మీరు?"

"అదే కదండీ మేమడిగేది," అన్నది కత్తెరమ్మ.

జీపులో వెంట వచ్చిన పరివారము ఉరికి, ఆగిపోయిన పని వద్ద పడియున్న దళసరి చెక్కనొకదానిని మోసుకొచ్చి గోతికి అడ్డముగా వేసెను. ఆయన దానిపై నడచి, కొట్టులోనికి వచ్చి, మంచినీళ్లు త్రాగి, పనులు త్వరలో ఊపందుకొనునని సెలవిచ్చి, నడచి వెడలెను. ఆయన దాటిన మరుక్షణమే పరివారము చెక్క ఎత్తుటకు వంగెను.

"అదేంటి, తీసేస్తున్నారు?"

"సార్ కోసం వేసిందమ్మా. ఆఫీసు సామాను."

మరుక్షణము కత్తెరమ్మ చెక్క నడుమ నిలిచియుండెను. ఆమెకు నిజముగా ఏడుపు వచ్చినది.

"దీన్ని తీసుకుపోతే నా కొట్టు కూడా తీసుకుపోయినట్టే సార్. మళ్లీ కాలర్లు కుట్టలేను. నా వల్ల కాదు."

కాలర్ల సంగతి ఇంజనీరుగారికేమి తెలియును? అయినను జీపు మెట్టుపై కాలు మోపిన ఆయన ఆగెను. ఆమెను చూచెను, ఆమె పాదముల కింద కొద్దిగా ఊగుచున్న చెక్కను చూచెను. ఆ ఉదయము ఒత్తిడికి లొంగి పలికిన మాట అప్పటికి ఎంతో కొంత నిజమయ్యెనేమో.

"ఉండనీండయ్యా," అనెను.

ఆ సాయంకాలము కొట్టుకు ఎదుటి గట్టు నుండి ఒక బొద్దు ఇల్లాలు, సంచి చంకన బెట్టుకొని కేకవేసెను.

"అమ్మాయ్, కొట్టు తెరిచే ఉందా? మీ బాబాయి ప్యాంటు మళ్లీ పట్టట్లేదే."

"తెరిచే ఉంది పిన్నీ. రా, మెల్లిగా రా."

ఆమె ఒక్కొక్క అడుగే వేయుచుండగా కత్తెరమ్మ చేయి చాచి నిలిచినది. అత్తగారు చెక్క కొసను కాలితో అదిమిపట్టెను. చెక్క కిర్రుమన్నది గాని విరగలేదు.

వినుడు పౌరులారా, దిక్కులు పిక్కటిల్ల వినుడు! ఆ నగరమున ఆ యేడు మొదలై పూర్తియైన అభివృద్ధి పని ఇది ఒక్కటే. జయము, జయము! ఒక ప్యాంటు గొయ్యి దాటెను.