నాలుగడుగుల ఫుట్‌పాత్

పాతబస్తీలో శాలిబండ వెనకాల ఉన్న ఆ గల్లీలో బుధవారం పొద్దున పది గంటలకు ఒక్క కారు కూడా కనపడకూడదు. ప్రేమ్‌రాజ్ వేసుకున్న ప్లాను అంతే. ఇంత చిన్న కోరికకు మనిషికి అంత పెద్ద శిక్ష పడాలా? ఖర్మ కాకపోతే ఏమిటి!

ప్రేమ్‌రాజ్ రోడ్ల నక్షాలు గీసే ఓ ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్. అతని తండ్రి ఆగయ్య రిటైరైన బస్సు కండక్టరు. నాలుగు నెలల కిందట ఆగయ్య చాయ్ హోటలుకు నడిచి వెళ్తుంటే రివర్సులో వచ్చిన కారొకటి తగిలి తుంటి విరిగింది. ఎముక అతుక్కుంది. కానీ రెండు వైపులా కార్లు, మధ్యలో బైకులు, ఆటోలు ఉన్న గల్లీలో కర్ర పట్టుకున్న మనిషి ఎక్కడ అడుగు పెట్టాలి? హోటలు ఉన్నది ఇంటికి రెండు వందల అడుగుల దూరంలో. అక్కడ దోస్తులంతా కూర్చుని నవ్వుకోవడం ఇక్కడికి వినిపిస్తుంది కూడా. "నన్ను హోటల్ దాంక ఎప్పుడు తోల్కపోతవ్‌రా?" అని ముసలాయన రోజూ అడుగుతుంటే కొడుక్కి అన్నం సయించడం మానేసింది.

అందుకే ప్రేమ్‌రాజ్ సొంతంగా ఓ నక్షా గీశాడు. గల్లీలోకి కార్లు రావు, రెండు వైపులా నాలుగేసి అడుగుల ఫుట్‌పాత్. మూడు నెలలు ఫైలు పట్టుకుని తిరిగితే పై అధికారి అచ్యుత్ సార్ ఎట్టకేలకు మెత్తబడ్డాడు. "బుధవారం పదింటికి వస్తా. గల్లీని ఒక్కసారి ఖాళీగా చూపించు. జనం నిజంగా నడుస్తారని నమ్మకం కుదిరితే సంతకం పెడతా" అన్నాడు.

గల్లీలో మొత్తం పదకొండు కార్లు. ప్రేమ్‌రాజ్ పదకొండు ఇళ్లకూ వెళ్లి గడ్డం పట్టుకుని బతిమాలాడు. "బుధవారం పదింటికి సార్లు వస్తున్నరన్నా. రెండు గంటలు మీ కారు ఫంక్షన్ హాల్ గ్రౌండుల పెట్టుకోండి." అందరూ సరేనన్నారు; మంగళవారం రాత్రికే కార్లన్నీ గ్రౌండుకు చేరాయి. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే ఎంత బాగుండేది!

ఫుట్‌పాత్ ఎంతవరకు వస్తుందో సారుకు కనపడాలి కదా. తెల్లవారుజామునే లేచి ప్రేమ్‌రాజ్ గీతలు గీయడం మొదలుపెట్టాడు. ముందురోజు ఎంత వెతికినా తెల్ల రంగు దొరకలేదు. దుకాణంలో లక్ష్మయ్య ఎర్ర డబ్బా చేతిలో పెట్టి, "ఏ రంగైతేంది, గీతనే గదా" అన్నాడు. నేల మీద గీద్దామంటే ప్రతి ఇంటి మెట్లూ అడ్డమొచ్చాయి. అందుకని ప్రతి గోడ మీదా ఎర్రగా ఓ బాణం గుర్తు, పక్కన '4 అ.' అని రాసుకుంటూ పోయాడు. పని ముగించి తృప్తిగా స్నానానికి వెళ్లాడు.

పాతబస్తీలో గోడ మీద ఎర్ర అంకె పడిందంటే దానికి అర్థం ఒక్కటే. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, అంతవరకు ఇల్లు కొట్టేస్తారు. పలక పట్టని పిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఆ నక్షాలే గీసి గీసి కళ్లజోడు తెచ్చుకున్న ప్రేమ్‌రాజ్‌కు మాత్రం ఆ పూట తట్టలేదు.

మొదట చూసింది లక్క గాజులు చేసే బీరయ్య. పళ్లు తోముకుంటూ బయటికొచ్చి గోడ చూసి నోట్లో నురగ మింగేశాడు. "అయ్యో, నా కార్ఖానా పోయిందిరో!" అని అరిచాడు. ఆ అరుపుకు వకీలు దగ్గర గుమాస్తాగా చేసే రవీందర్ లుంగీతోనే పరుగెత్తుకొచ్చాడు. గోడలన్నీ చూశాడు. తల పంకించాడు.

"ఇప్పుడు సమజైంది. ప్రేమ్‌రాజ్ కార్లు ఎందుకు తియ్యమన్నడు? బుల్డోజర్ లోపలికి రానీకి! పదింటికి సార్లు వస్తున్నరని నోటితోనే చెప్పిండు గద."

"మరి ఏం జెయ్యాలె భాయ్?"

"కోర్టు నుంచి స్టే వచ్చేదాంక గల్లీ నింపాలె. కార్లు పెట్టుర్రి. లేనోళ్లు చుట్టాలవి తెప్పియ్యిర్రి. మిషన్ ఎట్ల వస్తదో చూస్త."

ప్రేమ్‌రాజ్ తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి ఫంక్షన్ హాల్ నుంచి పదకొండు కార్లూ తిరిగొచ్చేశాయి. "అరే భాయ్, కొట్టుడు కాదు, ఫుట్‌పాత్! నడిచేటోళ్ల కోసం!" అని మొత్తుకున్నాడు.

జనం పగలబడి నవ్వారు.

"మన గల్లీకి ఫుట్‌పాతా? ఎవరికి జెప్తున్నవ్ అన్నా?" అన్నాడు రవీందర్.

"ఒట్టు! నాలుగడుగులే!"

"ఇన్నరా, నాలుగడుగులంట! ఒప్పుకున్నడు!" అని బీరయ్య గుండెలు బాదుకున్నాడు.

ఇళ్లు కూలుస్తారంటే వెంటనే నమ్మిన మనుషులు, నడవడానికి దారి వేస్తారంటే నమ్మలేకపోయారు. వాళ్లను తప్పు పట్టడానికి ప్రేమ్‌రాజ్‌కు కూడా నోరు రాలేదు. పద్దెనిమిదేళ్లలో అతను గీసిన ఫుట్‌పాత్ ఒక్కటీ కాగితం దాటి రాలేదు మరి.

తొమ్మిదిన్నరకల్లా బండ్లు ముంచెత్తాయి. ఫలక్‌నుమా నుంచి బీరయ్య బావమరిది జీపు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి సగం బంతిపూలు దించిన ట్రాలీ. మెకానిక్ సాగర్ తన షెడ్డులో ఇంజను లేకుండా పడున్న కారును ఆరుగురితో తోయించుకుని మరీ వచ్చాడు.

అంత గందరగోళంలో ఖంగుమని ఓ గొంతు లేచింది. "రానీ... రానీ... లెఫ్ట్ కొట్టు... హోల్డాన్!"

ఆగయ్య. కర్ర పైకెత్తి, మెట్టు మీద నిలబడి బండ్లను దారిలో పెడుతున్నాడు. నాలుగు నెలల తర్వాత ఆ ముఖంలో వెలుగు.

"బాపూ, ఏం జేస్తున్నవ్?" అన్నాడు ప్రేమ్‌రాజ్ ఏడుపు గొంతుతో.

"మీ సారొస్తున్నడంటివి గదరా. బండ్లు అడ్డం దిడ్డం ఉంటే నీకేం ఇజ్జత్? అన్నీ సీదా పెట్టిస్తున్న, ఫికర్ జెయ్యకు."

ముప్పై ఏళ్ల సర్వీసు ఊరికే పోతుందా? ముప్పై ఏడు బండ్లు జానెడు సందు లేకుండా సర్దుకున్నాయి. ఇక పిల్లి కూడా ఈ చివర నుంచి ఆ చివరకు పోలేదు.

సరిగ్గా పదింటికి ప్రేమ్‌రాజ్ ఫోను మోగింది. "ఏమయ్యా, మెయిన్ రోడ్డు మీద ఉన్నా. ఖాళీ గల్లీ అన్నావు, ఎక్కడ?"

అచ్యుత్ సార్ కారు దిగి నడవక తప్పలేదు. రెండు బంపర్లు ఎక్కి దిగాడు. చొక్కా జేబు ఓ అద్దానికి తగులుకుని చిరిగింది. మధ్యలోకి వచ్చేసరికి జనం చుట్టుముట్టారు. అందరి తరఫున రవీందర్ ముందుకొచ్చాడు.

"సార్, మీరే సూడుర్రి, ఎన్ని బండ్లున్నయో! మాకే జాగ సాల్తలేదు. ఇంకా మీరు జాగ గుంజుకుంటే మా కార్లు ఏడ పెట్టుకోవాలె?"

సార్ ముఖం గంభీరమైంది. చిరిగిన జేబులోంచి పెన్ను తీశాడు. బండ్లు లెక్కపెట్టాడు. ఫొటోలు తీశాడు. చివరికి జనానికి వినపడకుండా ప్రేమ్‌రాజ్ చెవి దగ్గరికి వంగి, "నీ లెక్కంతా తప్పు. పదకొండు కార్లన్నావు. నడిచేవాడు నాకు ఒక్కడూ కనపడలేదు. ఇంత ట్రాఫిక్ ఉన్న గల్లీకి ఫుట్‌పాత్ ఏంటి? ముప్పై అడుగుల రోడ్డు కావాలి" అన్నాడు.

"సార్, ఈ బండ్లు ఇయ్యాల పొద్దుగాల..."

"నేను కళ్లతో చూశా కదయ్యా!"

బుల్డోజర్ రాకుండానే సార్ వెళ్లిపోయాడు. గల్లీ గెలిచింది. బీరయ్య అందరికీ చాయ్ పోయించాడు. ప్రేమ్‌రాజ్ ఒక్కడే తాగలేదు.

నెల తిరగకుండా ఆర్డరు వచ్చింది. ముప్పై అడుగుల రోడ్డు. నక్షా గీసే పని గల్లీ బాగా తెలిసినవాడని ప్రేమ్‌రాజ్‌కే అప్పగించారు. స్కేలు పెట్టి గీశాడు. గీత బీరయ్య కార్ఖానాను మింగింది, రవీందర్ మెట్లను మింగింది, చివరికి తన ఇంట్లో తండ్రి పడుకునే ముందు గదిని సగానికి కోసింది. ఆ కాగితం మీదే తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇంటికి వెళ్లేసరికి ఆగయ్య మంచం మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. "ఏమాయెరా? మీ సారు సంతకం పెట్టిండా? నేను రోడ్డు మీదికి ఎప్పుడు పోవచ్చు?"

"నువ్వు పోవుడు అక్కర్లేదు బాపూ," అన్నాడు ప్రేమ్‌రాజ్. "వచ్చే నెల రోడ్డే నీ మంచం కాడికి వస్తది."