అల్ కుసైస్ గదిలో అంతర్యుద్ధం

అంతర్యుద్ధం ఆరోగ్యానికి మంచిది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను! గొడవ లేని ఇల్లయినా, ఊరయినా, గదయినా పాచిపట్టిపోతుంది. పక్కవాడి మీద పిసరంత కోపం ఉంటేనే కదా మనిషికి పొద్దున్నే లేవబుద్ధేసేది!

ఒకే గడ్డ మీద పుట్టినవాళ్లు ఒకరినొకరు ఎందుకు నరుక్కుంటారని పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. మతం అంటాడొకడు. భాష అంటాడొకడు. చమురు, వజ్రాలు, నీళ్లు అని ఇంకొకడు పవర్‌పాయింట్ వేసి మరీ చూపిస్తాడు. వీళ్లలో ఒక్కడైనా దుబాయ్ వచ్చి, అల్ కుసైస్‌లో లేబర్ క్యాంపు మెట్లెక్కి, భోజన్న గదిలో ఒక్క శుక్రవారం కూర్చున్నాడా? కూర్చోడు. కూర్చోవడానికి అక్కడ చోటుంటే కదా!

భోజన్నది జగిత్యాల దగ్గర పల్లె. రెండువేల ఆరు నాటికి దుబాయ్‌లో ఎటు చూసినా క్రేన్లే. వాటిలో ఒకదాని కింద నిలబడి చేతులూపడం అతని ఉద్యోగం. చెయ్యి లేపితే ఇనుము పైకి పోతుంది, దించితే కిందికి వస్తుంది. అదీ నైట్ షిఫ్ట్. ఊపే మనిషి కునికితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? కింద మనుషులుంటారు. అందుకే భోజన్న ఈ లోకంలో కోరుకునేది ఒక్కటే, కంటినిండా నిద్ర.

నిద్రకు మంచం కావాలి. గదిలో మంచాలు ఆరు, మనుషులు పన్నెండుమంది. లెక్క తప్పిందనుకుంటున్నారా? కంపెనీ మీకంటే తెలివైనది. ఆరుగురిది డే షిఫ్ట్, ఆరుగురిది నైట్ షిఫ్ట్. ఒకడు లేచి వెళ్తే ఇంకొకడు వచ్చి అదే మంచం మీద వాలతాడు. పరుపు చల్లారే ప్రశ్నే లేదు!

భోజన్న పగలు పడుకునే మంచం మీద రాత్రిళ్లు ఖాదర్ హుస్సేన్ పడుకుంటాడు. రాయచోటి మనిషి. స్లాబులకు చెక్క అచ్చులు కట్టే షట్టరింగ్ కార్పెంటర్. వారంలో ఆరు రోజులు వీళ్లిద్దరూ అన్నదమ్ములకంటే ఎక్కువ. ఖాదర్ వండిన పప్పులో భోజన్నకు ఒక గిన్నె మూతపెట్టి ఉంటుంది. భోజన్న ఉతికి ఆరేసిన దుప్పటి ఖాదర్ కప్పుకుంటాడు. కారణం చాలా సులువు. ఆ ఆరు రోజులూ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూడరు. శాంతికి ఇంతకంటే గట్టి పునాది ఐక్యరాజ్యసమితి ఏనాడైనా వేసిందా?

ఏడోది శుక్రవారం. పగటివాళ్లకు సెలవు. రాత్రంతా చేతులూపి భోజన్న గదికొచ్చేసరికి మంచం మీద ఖాదర్ వెల్లకిలా ఉన్నాడు.

“లే భాయ్. కండ్లు మండుతున్నయ్, జర పంటా.”

“ఈపొద్దు శుక్రవారం గదన్నా. వారానికి ఒక్కపొద్దు. నేను మాత్రం యాడికి పోవల్ల?”

“నువ్వు రాత్రంత పన్నవ్ గదా! నేనింక నడుమే వాల్చలే.”

“నిన్న పగలంతా పడుకుంటివి గదా నువ్వు!”

ఇద్దరి మాటా న్యాయమే. అంతర్యుద్ధానికి అసలైన ముడిసరుకు అదే. ఒకడిది అన్యాయమైతే నలుగురూ కలిసి వాణ్ణి నాలుగు తన్ని ఊరుకునేవారు. ఇద్దరిదీ న్యాయమైనప్పుడే గోడలు లేస్తాయి.

మధ్యాహ్నానికల్లా మిగిలిన పదిమందీ గొడవలోకి దిగారు. మంచం సంగతి అందరూ మరిచిపోయారు. మీ జిల్లావాళ్లే ఇంత అన్నారు. మీ కూరలో కారం ఇంతే, మీ దేవుడి పాటల గోల ఇంతే, మీ నమాజు హడావిడి ఇంతే అన్నారు. ప్రొఫెసర్లు చెప్పిన కారణాలన్నీ వరసగా వచ్చాయండీ, కాకపోతే భోజనాల వేళకు వచ్చాయి. గొడవ పొద్దున్నే మొదలైపోయింది!

చివరికి దేశాలన్నీ చేసే పనే వీళ్లూ చేశారు. గదిని విభజించుకున్నారు. అటు డే పార్టీ, ఇటు నైట్ పార్టీ. చెరో మూడు మంచాలు.

మామూలు మనుషులైతే మధ్యలో ఒక దుప్పటి వేలాడదీసేవారు. కానీ గదిలో ఉన్నది షట్టరింగ్ కార్పెంటర్లాయె! సైట్లో పారేసిన ప్లైవుడ్ ముక్కలు బయట గుట్టగా ఉన్నాయి. ఖాదర్ కొలిచాడు, కోశాడు. భోజన్న అలవాటు కొద్దీ ఎదురుగా నిలబడి చేతులూపాడు, పైకి, ఇంకొంచెం పైకి, బస్. మిగతావాళ్లు పట్టుకున్నారు, మేకులు అందించారు. మధ్యలో ఎవరో అందరికీ చాయ్ కూడా పోశారు. ఆ గది పుట్టాక అంత ఐకమత్యం ఎన్నడూ చూసి ఉండదు. సాయంత్రానికి తలుపు దగ్గర తప్ప చీమ దూరే సందు లేకుండా గోడ లేచింది. ఏసీ నైట్ పార్టీ వైపు పడింది, దాని స్విచ్ డే పార్టీ వైపు. సార్వభౌమాధికారమంటే అదే మరి!

ఆ రాత్రి పడుకోబోతూ డే పార్టీ చూసుకుంది. ఆరుగురు మనుషులు, మూడు మంచాలు. గోడకు అవతల మూడు మంచాలూ ఖాళీ.

“పోయి ఆ పక్క పడుకుందామా ఖాదరన్నా?” అన్నాడు ఒకడు.

“సిగ్గుండల్ల రా నీకు! వాళ్ల మంచం మింద ఎట్ల పడుకుంటావు?” అన్నాడు ఖాదర్, నేల మీద చాప సర్దుకుంటూ.

పగలు భోజన్నదీ నేలే. అవతల మూడు మంచాలు ఖాళీగా ఉన్నాయని అతనికీ తెలుసు. పౌరుషం అడ్డొచ్చింది. ఒక పార్టీవాళ్లందరికీ నిద్ర ఒకే వేళకు వస్తుందని గోడ కట్టేటప్పుడు ఒక్కడికీ తట్టలేదు. తట్టదు కూడా. ముందే ఆలోచించే అలవాటుంటే ప్రపంచంలో ఒక్క గోడైనా లేస్తుందా?

ఆ వారం క్రేన్ కింద భోజన్నకు కన్ను మూతపడింది. లేపాల్సిన చెయ్యి దిగింది. ఇనుప కట్ట ఒక మనిషి భుజాన్ని రాసుకుంటూ కిందికొచ్చింది. వాడు తిట్టి, దులుపుకుని వెళ్లిపోయాడు. భోజన్నకు మాత్రం వాడి మొహం కళ్లముందునుంచి పోలేదు. తనవల్ల ఒకడు చచ్చేవాడు. ఆ భయం ముందు పౌరుషం నిలవలేదు.

“భాయ్, గోడ పీకుదాం. నేనొగన్ని సంపేటట్టున్న,” అన్నాడు, తెల్లారి పరుగున వచ్చి పనికి వెళ్లబోతున్న ఖాదర్‌ను పట్టుకుని.

ఖాదర్ వెంటనే సుత్తి తీసుకొచ్చాడు.

సరిగ్గా అప్పుడే క్యాంపు బాస్ మూర్తిగారు దయచేశారు. అమలాపురం మనిషి, మాట వెన్న. గోడను అటూ ఇటూ తిరిగి చూసి మురిసిపోయారు.

“ఆయ్, భలే కట్టారండీ! నేనొక గదిస్తే మీరు రెండు చేశారు. అటేమో పగలు ఖాళీ, ఇటేమో రాత్రి ఖాళీ. ఇంత చోటు ఊరికే పోతే ఎలాగండీ? దాన్ని ముట్టుకోకండి, ఇక అది కంపెనీ గోడ.”

మర్నాడే ఖాళీ వేళల్లో నింపడానికి కొత్తవాళ్లు ఆరుగురు దిగారు. పగటి పార్టీ వైపు రాత్రివాళ్లు, రాత్రి పార్టీ వైపు పగటివాళ్లు. చూశారా అంతర్యుద్ధం మహిమ! ఒక్క యుద్ధం ఉన్నచోట ఇప్పుడు రెండు!

ఆ తర్వాతి శుక్రవారం తెల్లారి భోజన్న వస్తే మూడు మంచాల మీదా ముక్కూ మొహం తెలియని మనుషులే. నేల మీద అతనికంటే ముందొచ్చిన నైట్ పార్టీవాళ్లు ఇద్దరు. అతను గోడకవతలకు వెళ్లి ఖాదర్‌ను లేపాడు. ఇద్దరూ కలిసి మూర్తిగారి గదికి నడిచారు. చల్లటి గది. ఒకే మంచం, ఒకే మనిషి.

“మంచాలు జాల్తలేవు సార్,” అన్నాడు భోజన్న, నిలబడలేక మంచం అంచున కూర్చుంటూ.

మూర్తిగారు కిటికీవైపు తిరిగి ఉపన్యాసం అందుకున్నారు. “మంచాలదేముందండీ! కొట్టుకోవడం మీ రక్తంలోనే ఉంది. మీవాళ్లు నలుగురు చేరితే గొడవ అనివార్యం. దానికి కంపెనీ ఏం చేస్తుంది చెప్పండి? నన్ను చూడండి, ఇన్నేళ్లుగా ఈ గదిలో ఉంటున్నాను. ఒక్కనాడైనా ఇక్కడ గొడవ విన్నారా?”

గురక వినిపించి ఆయన వెనక్కి తిరిగారు. భోజన్న తెల్లటి దుప్పటి మీద అడ్డంగా పడి నిద్రపోతున్నాడు. కాళ్లకు ఇంకా సైటు దుమ్ము ఉంది.

“ఏయ్! లేవయ్యా! ఎవడి మంచమనుకున్నావ్ అది? నా మంచం! లేస్తావా, వాచ్‌మన్‌ను పిలిచి బయటికి ఈడ్పించనా!”

ఖాదర్ అడ్డంగా నిలబడ్డాడు.

“ఇదేంది సార్, ఆయప్ప పడుకొని నిమిషం గూడా కాలేదే! మీ రక్తంలో గూడా ఉండాదా ఏంది?”