అత్తగారి పేరున కారు

శనివారం పొద్దున కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ తినగానే కారు చూడటం, మధ్యాహ్నానికల్లా బీమా కట్టేయడం, సాయంత్రం కూతురి చేతిలో తాళాలు పెట్టడం. బజారులో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతున్నందుకు ఆయనకు ఆ పేరే స్థిరపడిపోయింది. కూతురికి పద్దెనిమిది నిండాయి, లైసెన్సు వచ్చింది. సోమవారం నుంచి పెద్దాసుపత్రిలో నర్సు శిక్షణ మొదలు. తెల్లవారుజాము డ్యూటీ. ఆ వేళకి బస్సులుండవు. కాబట్టి కారు సరదా కాదు, అవసరం.

ఆ అవసరాన్ని ఆయన చాలా రోజులుగా పరీక్షకు చదివినట్టు చదువుతున్నారు. కొత్తగా నడిపే పిల్లలకి బీమా గట్టిగా పడుతుందని ఎవరో చెప్పిన దగ్గర్నుంచీ ఆయన కళ్ళకి కార్లు కనిపించడం మానేసి ప్రీమియాలు కనిపించసాగాయి. ఇంజను చిన్నదై ఉండాలి. పరుగు తక్కువుండాలి. విడిభాగాలు ఏ సందులోనైనా దొరకాలి. దొంగ చూసినా జాలిపడి వదిలేసేలా ఉండాలి.

"నాన్నా, కనీసం రంగైనా నేను చెప్పొచ్చా?" అంది కూతురు.

"రంగుకి ప్రీమియం లేదు. చెప్పు."

"నీలం."

దొరికింది మాత్రం ఉడికిన బంగాళాదుంప రంగుది. రిటైరైన పశువుల డాక్టరొకాయన అమ్ముతున్నారు. "దీన్ని నేనెప్పుడూ తొందరపెట్టలేదండీ" అన్నారాయన, దాని వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ. అయినా కూతురి ముఖం వెలిగింది. లోపల కూర్చుని సీటు ముందుకు జరుపుకుంది, అద్దం తన ఎత్తుకి సరిచేసుకుంది, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ఖాళీ గోడకేసి చూస్తూ కాసేపు ఊరికే కూర్చుంది. బేరం కుదిరింది. కళ్ళజోళ్ళాయన కారు వెనక్కి నడిచి బీమా ఏజెంటుకి ఫోన్ చేశారు.

"ముఖ్యంగా నడిపేది ఎవరండీ?" అంది ఏజెంటు.

"మా అమ్మాయండి. మొన్ననే పద్దెనిమిది నిండాయి."

ఆమె ఒక అంకె చెప్పింది. ఆయన మళ్ళీ చెప్పమన్నారు.

"కొత్త డ్రైవర్లకి అంతే పడుతుందండీ. ఇంట్లో అనుభవం ఉన్న పెద్దవాళ్ళెవరైనా నడిపితే అది వేరే సంగతి."

ఒక్క క్షణం. నిజం చెప్పడానికీ అంతే వ్యవధి సరిపోయేది. "అసలు నడిపేది మా అత్తగారండి" అన్నారాయన. "హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. లైసెన్సు ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకుంటారు."

"మరి అమ్మాయి? అప్పుడప్పుడైనా నడుపుతుందా?"

"అబ్బే! దాని చేతికెవరిస్తారండీ? చెయ్యి కుదురుండదు. వంటింట్లో గిన్నెల్నే సరిగ్గా పట్టుకోలేదు, రోడ్డు మీద మనుషుల్నేం చూసుకుంటుంది?"

ప్రీమియం దిగిపోయింది. ఆయన గెలిచినట్టు తలెత్తితే, కారు ముందు కిటికీ అద్దం సగానికి దించి ఉంది. కూతురు మెల్లగా దిగింది. దిగే ముందు సీటుని మళ్ళీ మొదటున్న చోటికే జరిపింది. "కారు బాగుంది నాన్నా" అంది. ఇంటికి వచ్చే దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. విన్నదేమో అని ఆయనకు అనిపించింది. అడిగితే విన్నానంటుందేమోనన్న భయంతో అడగలేదు.

ఇల్లు చేరేలోపే ఏజెంటు మళ్ళీ ఫోన్ చేసింది. పాత కారు కదా, మధ్యాహ్నం సర్వేయరు వచ్చి చూస్తాడట. నడిపేవారిని కూడా ఒకసారి చూసి వెళ్తాడట. కళ్ళజోళ్ళాయన గబగబా మేడ మీద అత్తగారి గదికి వెళ్ళారు. ఆవిడ స్వెట్టరు అల్లుకుంటున్నారు.

"అత్తయ్యగారూ, మీ పేరు మీద కారు..."

'కారుకి బీమా తీసుకుందామని' అనబోయారు. వాక్యం అక్కడిదాకా వెళ్ళలేదు. ఆవిడ చేతిలోంచి ఊలు ఉండ జారి మంచం కిందకి దొర్లింది.

"నా పేరు మీదా?"

"అంటే, అదీ..."

"మీ మామగారు పోయాక మా కారు అమ్మేసినప్పుడు మళ్ళీ నడిపే యోగం లేదనుకున్నాను. లైసెన్సు ఎందుకు దాచుకుంటున్నానో నాకే తెలిసేది కాదు." ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇన్నాళ్ళూ నిన్ను వట్టి పిసినారివనుకున్నాను బాబూ. నన్ను క్షమించు."

వెనకే పైకొచ్చిన భార్య గుమ్మంలో నిలబడిపోయింది. "ఏమండీ! నాకైనా ఒక్క మాట చెప్పలేదేం?" ఆమె ఆయన్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో. ఆ చూపు ముందు 'కాదు' అనడానికి గుండె ధైర్యం కావాలి. ముందు పాలసీ రానీ, తర్వాత వీలు చూసుకుని చెబుదాం అనుకున్నారాయన. వీలు అనేది దానంతటదే నడిచి వస్తుందన్నట్టు.

"అయితే కారు అమ్మమ్మకా?" అంది మెట్ల కింద నిలబడ్డ కూతురు. "మంచిదేగా. అమ్మమ్మకి ఎప్పట్నుంచో కోరిక." తర్వాత పెరట్లోకి వెళ్ళి, మూలనున్న పాత సైకిల్ని గోడ మీంచి దించి, చైనుకి నూనె వేయడం మొదలుపెట్టింది.

సర్వేయరు వచ్చాడు. తన కొత్త కారుని బంగాళాదుంప వెనకే ఆపి, అత్తగారి పక్కన కూర్చుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, బడికి వెళ్తున్నప్పటిలా నిటారుగా కూర్చుని నడిపారు. దిగేసరికి ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. "రేపు చెల్లెలింటికి దీన్లోనే వెళ్తాను. ఎల్లుండి పొద్దున లైబ్రరీకి. నన్ను తీసుకెళ్ళమని నువ్వింక ఎవర్నీ బతిమాలక్కర్లేదే" అన్నారు కళ్ళజోళ్ళాయన భార్యతో. సర్వేయరు వసారాలో కాఫీ తాగుతూ, "చాలా నిదానంగా నడిపారు మేడం" అని కితాబిచ్చాడు.

కళ్ళజోళ్ళాయన కిటికీలోంచి పెరట్లోకి చూశారు. కూతురు సైకిల్ లైటు పని చేస్తుందో లేదో చూస్తోంది. వెలగలేదు. అరచేత్తో తట్టింది. మళ్ళీ వెలగలేదు. ఆ లైటుతో చీకట్లో ఆసుపత్రి రోడ్డు మీద వెళ్ళే పిల్ల ఒక్కసారిగా ఆయన కళ్ళముందు నిలిచింది.

"టైర్లలో గాలి చూసుకొస్తాను" అంటూ అత్తగారి వేలికున్న రింగులోంచి తాళాలు దాదాపు లాక్కున్నారు. వీధి మలుపు తిరిగి ఏజెంటుకి ఫోన్ చేసి అంతా మార్చేయాలని ఆయన ఆలోచన. ఏమని మార్చాలో మాత్రం ఇంకా తేలలేదు. ఆ కంగారులో వెనక్కి చూడకుండా రివర్స్ గేరు వేశారు. ధడేల్మని చప్పుడైంది. వసారాలో సర్వేయరు చేతిలోని కాఫీ చొక్కా మీదకొచ్చింది. ఏమైందోనని దడుసుకుని గేరు మార్చి ముందుకు ఉరికారు. ఈసారి గేటు స్తంభం. ఆయన నుదురు వెళ్ళి స్టీరింగుకి తగిలింది.

అందరూ అరుస్తూ పరుగెత్తుకొచ్చారు, కూతురు తప్ప. ఆమె చేతులకున్న నూనె సబ్బుతో కడుక్కుని, మందుల డబ్బా తీసుకుని వచ్చింది. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కింద ఒక చెయ్యి ఆనించి, నుదుటి మీద గాయం శుభ్రం చేసింది. ఆయనకు ఆ వేళ్ళు ఎంత తేలిగ్గా, ఎంత తిన్నగా కదులుతున్నాయో తెలుస్తూనే ఉంది. వణుకుతున్నది ఆయన గడ్డమే.

"ఫోన్లో నేనన్న మాట..." అన్నారు.

"విన్నాను నాన్నా. కదలొద్దు."

"ప్రీమియం కోసం అన్నానే. నిజంగా కాదు."

ఆమె దూది పక్కన పెట్టింది. "నిజంగా అనుకుని అని ఉంటే దిద్దుకునేదాన్ని. డబ్బు మిగులుతుందని అన్నావంటే ఏం చెయ్యాలో తెలియట్లేదు."

ఆయన తల దించుకోబోతే, పట్టీ అంటించాల్సి ఉందని ఆమె మళ్ళీ గడ్డం పైకెత్తింది. ఆ వయసులో తను తప్పు చేసి వస్తే తన తల్లి తల నిమిరేది. తను మాత్రం ఏ తప్పూ చేయని పిల్లని బజారులో పెట్టి తక్కువ చేశారు. ఆయనకు కళ్ళు చెమర్చాయి. మందు మంట అని చెప్పే అవకాశమున్నా చెప్పలేదు.

కుర్చీలోంచి లేచి, అందరి ముందూ ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. భార్య చూపులోని వెలుగు మెల్లమెల్లగా ఆరిపోవడం నిలబడి చూడాల్సి వచ్చింది. అత్తగారు వేలికి తగిలించుకున్న తాళాల రింగు ఖాళీగా ఉందని అప్పుడే గమనించినట్టు దాన్ని తీసి బల్ల మీద పెట్టారు. "ఒక్క చుట్టే అయినా బాగుంది బాబూ" అన్నారు చివరికి. తిట్టి ఉంటే ఎంతో నయమనిపించింది ఆయనకి.

కాఫీ మరకతోనే సర్వేయరు ఏజెంటుకి ఫోన్ కలిపి కళ్ళజోళ్ళాయన చేతికిచ్చాడు. ఆయన మొదటినుంచీ చెప్పుకొచ్చారు.

"ఆసుపత్రి వాళ్ళు చీకటి వేళ డ్యూటీకి వచ్చే పిల్లలకి చేరేముందే డ్రైవింగు కోర్సు పెడతారు. మీ అమ్మాయి చేసిందా?" అంది ఏజెంటు.

"మొదటి మార్కు నాకే వచ్చింది" అంది కూతురు పక్కనుంచి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పే సందు ఎవరూ ఇవ్వలేదు.

"దానికి తగ్గింపు ఉంది. అమ్మమ్మగారు రెండో డ్రైవరుగా ఉంటే ఇంకా తగ్గుతుంది. పొద్దున నాకీ మాటే చెప్పుంటే అప్పుడే తేలిపోయేది కదండీ." కీబోర్డు టకటకలు వినిపించాయి. "ఇందులో మూడో పేరుగా మీరున్నారు. అదే కుదరట్లేదు. పాలసీ మొదలవకముందే రెండు ప్రమాదాలు, అవీ ఒకే నిమిషంలో, అందులో ఒకటి మా సర్వేయరు కారు. మీ పేరు తీసేస్తే మీరనుకున్నదానికంటే చవకగా వస్తుంది."

తీసేశారు. ఆ సాయంత్రమే కారు సొట్టలు తీయించారు. ఆదివారమంతా అత్తగారు మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రి దారి చూపించారు. సోమవారం తెల్లవారుజామున ఇద్దరూ బయల్దేరుతుంటే కళ్ళజోళ్ళాయన గేటు తీసి పట్టుకున్నారు. కూతురు సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది. ఆయన వైపు చూసింది కానీ నవ్వలేదు. నవ్వు రావడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుందని ఆయనకు అర్థమైంది.

"దుకాణం దగ్గర దింపమంటావా నాన్నా?" అంది, కాస్త ఆగి.

వెనక సీట్లో కూర్చునేవాళ్ళకి అదనపు ప్రీమియం ఉండదని ఏజెంటుని అడిగి నిర్ధారించుకున్నాకే ఆయన ఎక్కారు.